ఇరవై అయిదో ఫారం

సర్వే పిన్ని అని ఆమెకు పేరు పెట్టింది కాలేజీ పిల్లలు. అంతకుముందు వీధుల్లో ఆమెకున్న పేర్లు వేరు. "ప్రశ్నలావిడ", "టూత్‌పేస్టావిడ", "అదిగో మళ్ళీ వచ్చిందండోయ్" - ఇలాంటివి. ఒక సర్వే కంపెనీ తరఫున ఇరవై రెండేళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మీరు ఏ నూనె వాడతారు, ఎందుకు వాడతారు, అది దొరక్కపోతే ఏం చేస్తారు అని అడగడం, చెప్పింది చెప్పినట్టు ఫారంలో రాయడం, సాయంత్రానికి కట్ట తెచ్చి ఆఫీసులో ఇవ్వడం. అదీ ఆమె ఉద్యోగం.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. పని తగ్గి దుకాణం ఎత్తేశాక ఇంట్లో కిటికీ దగ్గరే ఓ బల్ల వేసుకున్నాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, కంటికి భూతద్దం బిగించుకునే, "ఏమోయ్, ఈవేళ ఎవరి వంటింట్లో దూరుతున్నావు?" అనేవాడు. "నీలాగా గడియారం పొట్టలో దూరేదానికంటే నయమే" అని ఆమె మెట్లు దిగేది.

అలాంటి మనిషి నలభై ఆరో ఏట కాలేజీ బెంచీ మీద కూర్చుందంటే సరదా పుట్టి కాదు. కంపెనీ కొత్త రూలు పెట్టింది. ఇకమీద కాగితాలుండవు, తిరిగేవాళ్ళు సగానికి సగం అక్కర్లేదు, ఉండేవాళ్ళు సూపర్‌వైజర్లుగా ఉండాలి, సూపర్‌వైజరుకి డిగ్రీ ఉండాలి. పాతవాళ్ళలో ఆమె ఒక్కదానికే గడువిచ్చి, ఉత్తరం రాసి, సెలవురోజుల క్లాసులున్న కాలేజీలో వాళ్ళే చేర్పించారు. మిగతా పేపర్లన్నీ ఎలాగోలా ఈదుకొచ్చింది. మిగిలింది మార్కెటింగ్ రీసెర్చ్ ఒక్కటే. చేతులరిగేలా చేసిన పనినే పుస్తకంలో చదివి రాయమనేసరికి ఆమెకి కాలూ చెయ్యీ ఆడలేదు. కిందటేడు ఆ పేపరే తప్పింది. ఈసారీ తప్పితే కంపెనీ ఆగదు. ఆ మాట ఉత్తరంలో స్పష్టంగా ఉంది.

లెక్చరరు ముప్ఫై దాటని మనిషి. మంచివాడే, కాస్త కంగారు మనిషి. బోర్డు మీద నమూనా అనీ విచలనం అనీ రాసి, ఏదైనా అనుమానం వస్తే తనే ముందు ఆమె వైపు చూసేవాడు. ఈసారి పరీక్షలో సగం మార్కులు రాతకి కాదు, తిరుగుడుకి అన్నాడు. ఆ మాట వినగానే పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

అసైన్‌మెంటు ఇదీ. పసిపిల్లల సబ్బు మీద సర్వే. ఒక్కొక్కరికీ ఒక్కో వీధి. కుడిచేతి వైపు ఒక్క ఇల్లూ వదలకుండా తలుపు తట్టుకుంటూ పోవాలి. రెండేళ్ళలోపు బిడ్డ ఉన్న ఇల్లు తగిలితే తల్లిని ముప్ఫై ఒక్క ప్రశ్నలు అడగాలి. తాళం ఉంటే మూడుసార్లు వెళ్ళాలి. అలా ఇరవై అయిదు ఫారాలు. ప్రతి ఫారం మీదా ఫోన్ నంబరుండాలి. లెక్చరరు క్లాసులో అందరి ముందూ ఒక్కొక్కరి కట్టలోంచి మూడు ఫారాలు చీటీలు తీసి, ఆ ఇళ్ళకి ఫోన్ చేసి వాకబు చేస్తాడు. మూడింట్లో ఒక్కటి దొంగదని తేలినా కట్ట మొత్తానికీ సున్నా.

"పిన్నీ, నిజంగా ఇరవై అయిదిళ్ళూ తిరుగుతావా?" అంది పక్కన కూర్చునే కళ్ళజోడు పిల్ల.

"తిరక్కుండా ఎలా తెలుస్తుందే?"

"తెలియడానికేముంది, మా అక్కకి బాబున్నాడు. వాడొక్కడికే ఇరవై అయిదుసార్లు స్నానం చేయించేస్తా."

"జలుబు చేస్తుందే పిల్లాడికి."

"చేస్తే చేసింది, నాకు మార్కులొస్తాయి. ఫోన్లంటావా, మా కజిన్లున్నారు. నెల్లాళ్ళ నుంచీ అందరూ పిల్లల తల్లులే. పెళ్ళికాని వాళ్ళతో సహా."

వెనక బెంచీలో నవ్వులు. పిన్నీ నవ్వింది. ఇంట్లో కూర్చుని నింపే ఫారాలని వాళ్ళ కంపెనీలో వంటింటి ఫారాలంటారు. వాటిని దూరం నుంచి చూసే పట్టేసేది ఆమె. ఎక్కడా కొట్టివేత ఉండదు, టిక్కులన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి, మూడో ప్రశ్నకీ ఇరవయ్యో ప్రశ్నకీ చక్కగా పొంతన కుదురుతుంది. నిజం మనుషులు అలా మాట్లాడరు. ముందు "రోజూ" అంటారు, తర్వాత "ఎప్పుడైనా" అంటారు, వెళ్ళిపోతుంటే గుమ్మం దాకా వచ్చి ఇంకోమాట చెప్తారు. ఇన్నేళ్ళలో ఆమె వంటింటి ఫారం ఒక్కటి రాయలేదు. అందుకని గొప్పలు పోయిందీ లేదు, రాసినవాళ్ళని పట్టించిందీ లేదు. వాళ్ళకి ఏ ఇబ్బందో అనుకునేది.

వారం రోజులు తిరిగింది. ఇరవై నాలుగు ఫారాలయ్యాయి. ఇరవై అయిదో ఇల్లు వీధి చివర రెండో అంతస్తు. రెండుసార్లు వెళ్తే తాళం. కట్ట ఇవ్వాల్సిన ముందురోజు, మధ్యాహ్నం మూడున్నరకి మూడోసారి మెట్లెక్కింది.

తలుపు కొంచెంగా తెరుచుకుంది. పాతికేళ్ళు ఉంటాయేమో, ఆ అమ్మాయి జుట్టు ముడేసుకుని నిలబడి ఉంది.

"మీ ఇంట్లో రెండేళ్ళలోపు బిడ్డ ఉందామ్మా?"

అమ్మాయి కాసేపు ఆమెకేసే చూసింది. "ఉన్నాడు" అంది.

"కాలేజీ తరఫున సబ్బు గురించి నాలుగు ప్రశ్నలడగాలి. మీరు చెప్పిన సంగతులు మీ పేరుతో ఎవరికీ తెలియవు."

"రండక్కా, లోపలికి రండి" అంది అమ్మాయి. ఈ ఉద్యోగంలో ఈ మాట ఎప్పుడో గానీ వినబడదు. పిన్ని చెప్పులు విప్పి కుర్చీలో కూర్చుంది. మొదటి పేజీలో ఫోన్ నంబరు అడిగింది.

"నా దగ్గర ఫోను లేదక్కా. మా ఆయనది రాసుకోండి." నంబరు చెప్పింది. పిల్లాడి వయసు పదకొండు నెలలంది. స్నానం ఎవరు చేయిస్తారంటే, "నేనే. మా అత్తగారు చేయిస్తానంటే ఇవ్వను. ఆవిడ చెయ్యి బరువు" అంది. పిన్నికి ముచ్చటేసింది. అందరూ గడియారం చూసుకుంటూ చెప్పే జవాబులు ఈ పిల్ల ఒక్కొక్కటీ ఆలోచించుకుని చెబుతోంది.

తొమ్మిదో ప్రశ్న: ప్రస్తుతం వాడుతున్న సబ్బు చూపించమని అడగాలి. అడిగింది. అమ్మాయి లోపలి గదిలోకెళ్ళింది. మంచం కిందినుంచి పెట్టె లాగిన చప్పుడయింది. చాలాసేపటికి వచ్చింది. చేతిరుమాల్లో చుట్టి ఉంది సబ్బు.

పిన్ని ఇరవై రెండేళ్ళలో చూసినన్ని సబ్బులు సబ్బుల షాపువాడు కూడా చూసి ఉండడు. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. అది తడి తగిలి నెలలైన సబ్బు. సగమే అరిగింది, బీటలు వారింది, అంచు గోరుతో గీస్తే పొడి రాలుతుంది. అప్పుడామె తలెత్తి గది చూసింది. తాడు మీద పెద్దవాళ్ళ బట్టలే. కింద ఒక్క బొమ్మ లేదు. గోడ మీద ఏదో పటం తీసేసిన చోట నలుచదరంగా రంగు తేలి ఉంది, మేకు అలాగే ఉంది. పదకొండు నెలల పిల్లాడున్న ఇంట్లో ఇంతసేపూ చీమ చిటుక్కుమనలేదు.

పెన్ను ఆగిపోయింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆమెకి కంఠతా వచ్చు. అర్హత లేని ఇల్లని తేలితే నమస్కారం పెట్టి, ఫారం కొట్టేసి, పక్క ఇంటికి పోవాలి.

"ఎందుకాగారక్కా?" అంది అమ్మాయి. "అడగండి. ఎవరూ అడగట్లేదు."

పిన్ని పదో ప్రశ్న అడిగింది. పదకొండోదీ అడిగింది. వేడినీళ్ళా చన్నీళ్ళా, ఎంతసేపు, ఒళ్ళు తుడిచాక ఏం రాస్తారు. "మొహం మీద నీళ్ళు పడితే నోరు తెరుస్తాడక్కా, తాగేద్దామని. పిచ్చివెధవ. నేను చెయ్యి అడ్డం పెడతాను" అంది అమ్మాయి. రెండు చేతులూ ఒళ్ళో అలా పట్టుకుని చూపించింది. పిన్ని రాసుకుంది. ముప్ఫై ఒకటో ప్రశ్న: కొత్త సబ్బు ఎలా ఉండాలనుకుంటున్నారు?

అమ్మాయి సబ్బు తీసుకుని మళ్ళీ చేతిరుమాల్లో చుట్టింది. "వాసన ఉండకూడదు" అంది చివరికి. "స్నానమయ్యాక పిల్లాడి వాసనే రావాలి. సబ్బుకి వాసనెందుకు?"

ఆ మాట కూడా పొల్లుపోకుండా రాసింది.

లేవబోతుంటే అమ్మాయి కుర్చీ చెయ్యి పట్టుకుంది. "ఇది లెక్కలో వేస్తారా? వాడినీ?"

"వేస్తామమ్మా."

"మా ఆయనకి మాత్రం తెలియకూడదక్కా. అన్నీ తీసేశారు. నేనింకా వాడున్నట్టు మాట్లాడుతున్నానని తెలిస్తే ఈసారి ఆసుపత్రిలో పెట్టేస్తామన్నారు. అంటే చెడ్డవాడని కాదు. భయం ఆయనకి. ఈ సబ్బొక్కటే దాచుకున్నాను."

"తెలియదు" అంది పిన్ని.

కిందికొచ్చి నిలబడింది. నాలుగున్నర. పొద్దు చాలా ఉంది. పక్క మేడ తాడు మీద చిన్న చిన్న బట్టలు ఆరేసి ఉన్నాయి. ఆ తలుపు తట్టి ఇరవై నిమిషాలు కూర్చుంటే ఇంకో ఫారం వచ్చేస్తుంది, సంచీలో ఖాళీ కాగితాలున్నాయి. పై ఫారం చింపేస్తే సరి. ఆ మాట ఆమెకి తోచకపోలేదు. రెండడుగులు వేసింది కూడా. కానీ ఫారం చింపడానికి చెయ్యి రాలేదు. ఎదుట మనిషి కూర్చుని చెప్పిన జవాబుని పారేసే అలవాటు ఆమెకెప్పుడూ లేదు. పైగా వేస్తానని చెప్పింది. ఇరవై అయిదులో మూడు చీటీలు, ఇదే ఎందుకొస్తుందిలే అనుకుంది. ఫారం మీదున్నది మొగుడి నంబరని అప్పుడు తట్టింది. అయినా ఆ ఫారాన్ని కట్ట అడుగున పెట్టి దారం బిగించేసింది. ఆ తర్వాత ఆమె తనని తాను తిట్టుకున్నది ఈ ఒక్క పనికే.

మర్నాడు క్లాసు నిండుగా ఉంది. లెక్చరరు ఫోను బల్ల మీద పెట్టి, గొంతు అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. కళ్ళజోడు పిల్ల వంతొచ్చింది. మూడు ఫోన్లకీ మూడు తియ్యటి గొంతులు. "అవునండీ, వచ్చారండీ, చాలా మర్యాదగా అడిగారండీ." వెనక బెంచీ వాళ్ళు నోట్లో చేతిరుమాళ్ళు కుక్కుకున్నారు. లెక్చరరు సంతోషంగా టిక్కు పెట్టుకున్నాడు.

తర్వాత పిన్ని కట్ట. మొదటి చీటీ నాలుగు.

"ఆవిడా?" అంది ఫోనులో ఓ ముసలావిడ. "మూడుసార్లొచ్చింది బాబూ, వదిల్తేగా! మా కోడలు నిద్రపోతోందంటే మెట్లమీద కూర్చుంది." క్లాసంతా గొల్లుమంది. లెక్చరరు కూడా నవ్వాడు. రెండో చీటీ పదిహేడు. అదీ సవ్యంగానే అయింది. మూడో చీటీ ఆయన విప్పి చదువుతుంటే పిన్ని బల్ల అంచు పట్టుకుంది.

"ఇరవై అయిదు."

రెండు రింగులకే ఎత్తారు. మగ గొంతు. వెనక ఏదో యంత్రం రొద.

"నమస్కారమండీ, కాలేజీ నుంచి. మీ ఇంటికి పసిపిల్లల సబ్బు గురించి అడగడానికి ఎవరైనా వచ్చారా?"

యంత్రం రొద ఆగింది. తర్వాత, "మా ఇంట్లో పిల్లలెవరూ లేరండీ. ఎవరూ రాలేదు. నంబరు తప్పు" అన్నాడు అతను. పెట్టేశాడు.

క్లాసులో ముందెవరికీ ఏం అర్థం కాలేదు. తర్వాత వెనకనుంచి ఎవరో, "సర్వే పిన్ని కూడానా!" అని నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి కంటే తేలిక ఎక్కువ ఉంది. తమలో ఒకర్తె అయిపోయిందన్న తేలిక. కళ్ళజోడు పిల్ల మాత్రం నవ్వలేదు. "ఏంటి పిన్నీ ఇది, నన్నడిగితే మా కజిన్ నంబరిచ్చేదాన్ని కదా" అంది గొణుగుతున్నట్టు. పాపం, మనస్ఫూర్తిగానే అంది.

లెక్చరరు ఆమెని స్టాఫ్ రూముకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఆయన మొహమే ఎక్కువ వాడిపోయి ఉంది.

"చూడండి, మీరు దొంగ ఫారం రాశారంటే నేను నమ్మను. ముప్ఫై ఒకటో ప్రశ్నకి రాసిన జవాబు చదివాను. అది ఇంట్లో కూర్చుని రాయగలిగేది కాదు. నంబరు తప్పు పడిందా?"

"లేదు సార్."

"పోనీ ఆయనకి తెలియకుండా భార్యని కలిశారా? చెప్పండి. ఇప్పుడే మళ్ళీ ఫోన్ చేస్తాను, ఆవిడని పిలిపించమంటాను. మీరొచ్చారని ఆవిడ ఒక్కమాటంటే చాలు, సంగతి ఇక్కడితో అయిపోతుంది." ఫోను అందుకున్నాడు.

ఆవిడ ఆ ఒక్కమాటా అంటుంది. ఆ సంగతి పిన్నికి తెలుసు. యంత్రం పక్కనుంచి ఇంటికెళ్ళి, ఎవరొచ్చారు, ఏం చెప్పావు అని ఆ మొగుడు అడుగుతాడు. మంచం కింద పెట్టె బయటికి లాగుతారు. పిల్లాడు పోయాడని ఈయనకి చెబితే? చెప్పొచ్చు, నాలుగు ముక్కలు. కానీ ఈయన రూలు మనిషి. పోయిన బిడ్డ ఉన్నాడని తల్లి ఎందుకు చెప్పిందో కాగితం మీద పెట్టాలంటాడు, జాలిపడి అయినా సరే అడుగుతాడు, ఇంకొకరికి చెబుతాడు. అసలా ఫోను ఒక్కసారి మోగడమే తన నిర్వాకం. ఇంకోసారి మోగకూడదు.

"చెయ్యకండి సార్."

"ఎందుకూ?"

"నేనే రాశాను. ఆ ఇంటికెళ్ళలేదు. అలిసిపోయి రాసేశాను."

లెక్చరరు ఫోను బల్ల మీద పెట్టేశాడు. "ఇలా ఒప్పుకుంటే నేను నకిలీ అని రాయాలి. మిమ్మల్ని పంపింది కంపెనీ కాబట్టి వాళ్ళకీ కాపీ వెళ్తుంది. నకిలీ అన్న మాట చూశాక మీ లైనులో ఇంకెవరూ మిమ్మల్ని తీసుకోరు. తెలుసు కదా మీకు?"

"మీకంటే నాకే బాగా తెలుసు సార్. ఎక్కడ సంతకం పెట్టాలి?"

ఆయన చూపించాడు. పెట్టింది. లెక్చరరు ఇరవై అయిదు ఫారాల మీదా ఎర్రసిరాతో అడ్డంగా గీత గీశాడు. ఒక్కొక్కటీ గీస్తుంటే ఆమె కూర్చుని చూసింది. మొదటి ఇరవై నాలుగు ఫారాల మీద గీస్తుంటే అంత బాధ వెయ్యలేదు. చివరిదాన్ని చూడలేక లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. లెక్కలో వేస్తానని చెప్పిన మాట కూడా దక్కలేదు.

పదిరోజులకి కంపెనీనుంచి ఫోనొచ్చింది. ఆమె బట్టలు ఆరేస్తోంది. భర్త ఎత్తాడు. ఆమె లోపలికొచ్చేసరికి భూతద్దం తీసి బల్ల మీద పెట్టి ఉంది.

"ఏమోయ్, మీ ఆఫీసువాడు ఏదో వాగుతున్నాడు. దొంగ ఫారం రాశావట. ఇక రావద్దంటున్నాడు. నేను నాలుగు వాయించాను."

"ఎందుకు వాయించావు? నిజమే."

"నువ్వా?"

"ఊఁ."

"నా దగ్గరేమన్నా దాస్తున్నావా?"

చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈయన విని ఊరుకునే రకం కాదు. చొక్కా తొడుక్కుని నేరుగా కాలేజీకెళ్ళి, ఆ లెక్చరరు గల్లా పట్టుకుని, ఆ ఇంటి అడ్రసు అడిగి, పెళ్ళాం పరువు దక్కించుకొస్తాడు. ప్రేమ కొద్దీ చేస్తాడు.

"దాచడానికేముంది. చేశాను. అంతే."

ఆయన చాలాసేపు బల్ల మీది చిన్న స్క్రూలని వేలితో ఒకచోటికి నెట్టాడు. "పోనీలే" అన్నాడు. "ఒళ్ళు అలిసిపోతే మనిషి ఏం చేస్తాడు? ఒక్క ఇల్లేగా. బతకలేమా ఏం?"

"బతుకుతాం."

ఆమె బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళబోతుంటే ఆయన మళ్ళీ పిలిచాడు. అడగనా వద్దా అన్నట్టుంది గొంతు.

"అది కాదోయ్. వానల్లో నీ వెంట వచ్చేవాణ్ణి చూడు, గొడుగు పట్టుకుని గేట్ల దగ్గర నిలబడేవాణ్ణి. నువ్వు లోపలికెళ్ళి అరగంటకి గానీ వచ్చేదానివి కాదు. అప్పుడు... నిజంగానే అడిగేదానివా?"

బకెట్టు కింద పెట్టింది.

"అడిగేదాన్ని" అంది.

"సరే" అన్నాడాయన వెంటనే, మెత్తగా, ఆమెకేసి చూడకుండా. మనిషి నమ్మి అన్న సరే ఏదో, మాట అంతటితో తెగ్గొట్టడానికి అన్న సరే ఏదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని గడియారం మీదికి వంగాడు. ఆమె బకెట్టు తీసుకుని లోపలికెళ్ళింది.